ఉద్యోగం చేసే ఇంట్లో ఎల్‌కేజీ అడ్మిషన్: ముందు అడగాల్సింది బడి ఎన్నింటికి వదులుతారని

ఎల్‌కేజీ పిల్లల్ని చాలా స్కూళ్లు మధ్యాహ్నం పన్నెండున్నరకో, ఒంటిగంటకో ఇంటికి పంపేస్తాయి. ఆఫీసు అయ్యేది ఆరింటికి, పైన గంట ట్రాఫిక్. ఈ మధ్య గంటల్లో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేలాకే ఏ స్కూలన్నది చూడాలి. ముందు క్యాంపస్ నచ్చి ఫీజు కట్టేసి, జూన్‌లో డే కేర్ కోసం తిరిగితే దగ్గర్లోవి అప్పటికే నిండిపోయి ఉంటాయి.

దారులు మూడే. స్కూల్లోనే సాయంత్రం దాకా డే కేర్ ఉండటం, స్కూలు వ్యాన్ డే కేర్ గుమ్మం దగ్గరే దింపడం, ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఆయమ్మో ఉండటం. మొదటిది అన్నిటికన్నా తేలిక. అయితే ఒక్క ప్రశ్న వేయకుండా డబ్బు కట్టొద్దు: స్కూలుకి సెలవిచ్చిన రోజు డే కేర్ తెరుస్తారా? స్కూలుతో పాటే తాళం వేసేవి చాలా ఉన్నాయి. దసరా, సంక్రాంతి సెలవులు, ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ 11 దాకా వేసవి, వానలు ముదిరితే ముందురోజు రాత్రి వచ్చే సెలవు ప్రకటన... ఇవన్నీ ఆఫీసులకు వర్తించవు. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి, వ్యాన్ టైములూ మారతాయి. ఆ నెలన్నరకి వేరే టైమ్‌టేబుల్ ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. రెండో దారి ఎంచుకుంటే వ్యాన్ ఆ వీధికి వస్తుందో లేదో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జినే అడగండి. అడ్మిషన్ కౌంటర్లో అన్నిటికీ ‘వస్తుంది’ అనే అంటారు.

మీ సంస్థలో యాభై మంది, అంతకుమించి పనిచేస్తుంటే క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని ప్రసూతి ప్రయోజన చట్టంలో 2017లో చేర్చారు. హెచ్‌ఆర్‌ని అడగండి. ఎంత వయసు దాకా పిల్లల్ని తీసుకుంటారో కూడా అడిగి తెలుసుకోండి.

నగరాల్లో పేరున్న స్కూళ్లు దసరా దాటగానే వచ్చే ఏటి దరఖాస్తులు తెరుస్తాయి. సీబీఎస్‌ఈ స్కూళ్లు చాలావరకు మార్చి ఆఖర్లోనో ఏప్రిల్‌లోనో మొదలవుతాయి, స్టేట్ సిలబస్ స్కూళ్లు మామూలుగా జూన్ 12న తెరుచుకుంటాయి. బోర్డు మీద ‘సీబీఎస్‌ఈ కరికులం’ అని ఉన్నంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు. అఫిలియేషన్ నంబరు అడిగి సీబీఎస్‌ఈ సారస్ పోర్టల్‌లో సరిచూసుకోండి.

వయసు లెక్క ఒకటో తరగతి నుంచి వెనక్కి వేయాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటికి ఆరేళ్లు నిండాలి. అంటే యూకేజీకి ఐదు, ఎల్‌కేజీకి నాలుగు, నర్సరీకి మూడు. ఏ తేదీకి నిండాలన్నది మాత్రం స్కూలు స్కూలుకీ మారుతుంది కనుక అడిగి రాయించుకోండి. ఒకటి రెండు నెలలు తక్కువైతే తోసుకుని చేర్పించకండి. ఇక్కడ ఊరుకున్నా, ఒకటో తరగతికి ఇంకో స్కూలుకి మారినప్పుడు వయసు చాలదని యూకేజీ మళ్లీ చదవమంటారు.

కాగితాల్లో ఎక్కువమందిని తిప్పించేది పేరు. ఆస్పత్రి నుంచి వెళ్లిన జనన నమోదులో చాలాసార్లు బిడ్డ పేరే ఉండదు. నమోదైన ఏడాదిలోపు చేర్పిస్తే రుసుము లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుముతో చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1, ఆ తర్వాత పుట్టినవాళ్లకు స్కూల్లో చేరేందుకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి దీన్ని దరఖాస్తుల వేళకి ముందే తెమల్చాలి. ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చే నీలం రంగు బాల ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదు నిండాక, ఏడు దాటకముందే వేలిముద్రలు, కనుపాపలు నమోదు చేయించాలి.

ఇంటిపేరు ముందుండాలా, వెనకుండాలా, ఒక్క అక్షరమా, పూర్తిగానా అన్నది దరఖాస్తు నింపే ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. పూర్తిగా రాయడమే మేలు. రేపు పాస్‌పోర్టుకి ఒంటి అక్షరంతో కుదరదు. జనన పత్రం, ఆధార్, స్కూలు రిజిస్టరు మూడింటిలో ఇంగ్లిష్ స్పెల్లింగు ఒకటే ఉండాలి. ఒకచోట రెండు ‘ఎస్’లు, ఇంకోచోట ఒకటి ఉంటే అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) దగ్గర ఆగిపోతుంది. స్కూలు రిజిస్టర్లో పడిన పేరే పదో తరగతి మెమో దాకా నడుస్తుంది. వీటితో పాటు టీకాల కార్డు, చిరునామా రుజువు, ఫొటోలు ఒకే ఫైల్లో పెట్టి, ఫోన్లో స్కాన్‌లు ఉంచుకుంటే పర్మిషన్ పెట్టి మళ్లీ పరిగెత్తే పని తప్పుతుంది.

ఫీజు అడిగేటప్పుడు మొత్తం ఒక్క అంకెలో చెప్పనివ్వకండి. అడ్మిషన్ ఫీజు, ట్యూషన్, వ్యాన్, పుస్తకాలు, యూనిఫాం, డే కేర్ విడివిడిగా రాసిమ్మనండి. బదిలీ అయితే ఏది వెనక్కి వస్తుందో అదే కాగితం మీద ఉండాలి. రసీదులో ట్యూషన్ ఫీజు వేరుగా చూపిస్తేనే పాత పన్ను విధానంలో మినహాయింపుకి పనికొస్తుంది. అడ్మిషన్ రుసుము, డొనేషన్ అందులోకి రావు. పాత, కొత్త పన్ను విధానాల్లో ఏదన్నది భార్యాభర్తలు ముందే చూసుకుని, పాత విధానంలో ఉన్నవాళ్ల పేరు మీదే కట్టడం మంచిది.

మొదటి రెండు వారాలు చాలా స్కూళ్లు గంటో రెండు గంటలో ఉంచి పంపేస్తాయి. సెలవులు ఇద్దరూ ఒకేసారి పెట్టుకోకుండా విడతలుగా పంచుకోండి. జూన్, జూలైల్లో కొన్ని తప్పక మిగుల్చుకోవాలి. పదిమందిలో కలిసిన కొత్తలో జలుబు, జ్వరం తిరగబెడుతూనే ఉంటాయి. బడి తెరవడానికి నెల ముందే టిఫిన్ డబ్బా మూత, నీళ్ల సీసా తనే తెరవడం నేర్పండి. గట్టి మూత డబ్బా అయితే అన్నం అలాగే ఇంటికొస్తుంది. బొత్తాలున్న నిక్కరు వద్దు, ఎలాస్టిక్‌దే కొనండి. బాత్రూమ్‌కని ఇంట్లో ఏ మాట అంటారో టీచరుకి చెప్పండి.

పిల్లని తీసుకెళ్లేవాళ్ల పేర్లు, ఫొటోలు స్కూల్లో ముగ్గురివైనా ఇవ్వాలి. మూడోవాళ్లు పది నిమిషాల్లో స్కూలుకి చేరగలిగే పక్కింటివాళ్లో, దగ్గరి బంధువులో అయి ఉండాలి. ఫోన్ నంబర్లలో మొదటిది, మీటింగుల్లో ఫోన్ ఎత్తగలిగేవాళ్లది రాయండి.