ఫిడేలు పెట్టె తీయబుద్ధి కావడం లేదా? సమస్య - పరిష్కారం

ఫిడేలు మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది అలంకారాలు (మొదట్లో నేర్పే స్వర వరుసలు) దాటకముందే నీరసపడతారు. "ఇంట్రెస్ట్ పోయిందండీ" అంటారు. కూర్చోబెట్టి ఓ పది నిమిషాలు వాయించమంటే అసలు సంగతి బయటపడుతుంది. కమాను (తీగల మీద లాగే కర్ర) కీచుమంటూ ఉంటుంది, గాంధారం (గ స్వరం) అందదు, లేదంటే శ్రుతి చేసుకోవడానికే పావుగంట పోతూ ఉంటుంది. తన చెవికే బాగాలేని మోతని రోజూ అరగంట వినాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? అందుకే ముందు మోత సంగతి చూద్దాం. ఇదంతా కింద కూర్చుని వాయించే కర్ణాటక పద్ధతి వాళ్ళ కోసం.

కమాను వేస్తే కీచుమంటోంది

మొదట రోజిన్ (కమాను వెంట్రుకలకి రుద్దే బంక గడ్డ) చూడండి. అది సరిగ్గా పట్టకపోతే కమాను తీగ మీద జారి ఉత్త గాలి చప్పుడు వస్తుంది. మరీ ఎక్కువైతే తెల్లపొడి రాలుతూ గరగరలాడుతుంది.

రోజిన్ బాగానే ఉన్నా కీచుమంటోందంటే కమాను వంకరగా పోతోందన్నమాట. ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి కూర్చున్నప్పుడు కమాను ఎటు పోతోందో మన కళ్ళకి సరిగ్గా తెలియదు. అద్దం పెట్టుకోండి. బ్రిడ్జికీ (తీగల్ని ఎత్తిపట్టే చెక్క) ఫింగర్‌బోర్డు (వేళ్ళు పెట్టే పలక) చివరకీ మధ్యలో, బ్రిడ్జికి సమాంతరంగా నడవాలి. కమాను కొసకి వచ్చేసరికి మోచేయి వెనక్కి లాక్కుపోతుంది చూడండి, వంకర వచ్చేది సాధారణంగా అక్కడే.

ఎడమచేతికి పనిపెట్టకుండా వట్టి తీగల మీద సాగదీయండి. నాలుగు తీగలు వరుసగా మంద్ర (కింది స్థాయి) స, మంద్ర ప, మధ్య స, మధ్య ప. ఒక్కో కమానుకి ఎనిమిది అక్షరాలు (తాళం లెక్కలు). రోజూ ఐదు నిమిషాలు చాలు. పిల్లలకి ఇది మహా బోరు, కాదనను. అలాంటప్పుడు ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) గారి పాత రికార్డు ఒకటి పెట్టి, రాగం సంగతి వదిలేసి కమాను ఎక్కడ తిరిగిందో పట్టుకోమనండి. చాలాచోట్ల దొరకదు. ఆ తర్వాత వాళ్ళే కమాను తిప్పే చోట జాగ్రత్తపడతారు.

గాంధారం ఎప్పుడూ తక్కువగానే పలుకుతోంది

వీణకున్నట్టు ఫిడేలుకి మెట్లు ఉండవు. పైగా మనం మొదలుపెట్టేది మాయామాళవగౌళ రాగంతో. అందులో రిషభం (రి) తీగ మొదట్లోనే, షడ్జానికి (స) ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి గాంధారానికి మూడు స్వరస్థానాల దూరం. గాంధారం, మధ్యమం (మ) మాత్రం పక్కపక్కనే. అంటే చూపుడువేలు వెనకే ఉండి, మధ్యవేలు బాగా ముందుకి సాగాలి. చిన్న చేతులు అంత సాగవు, పెద్దవాళ్ళ చేతులు బిగుసుకుని సాగవు. వేలు ముందే ఆగిపోయి గాంధారం దిగిపోతుంది, మాయామాళవగౌళలో తోడి (గాంధారం తక్కువగా ఉండే రాగం) వాసన కొడుతుంది.

దీనికి తేలికైన దారి తిరగేసి పట్టడమే. ముందు ఉంగరపు వేలు మధ్యమం మీద పెట్టి, అది శ్రుతిలో ఉందో లేదో విని, తర్వాత మధ్యవేలిని దాని పక్కకి ఆనించండి. గాంధారం అక్కడే ఉంటుంది. పంచమం తీగ మీద ద, ని, పై స కీ ఇవే దూరాలు కాబట్టి ఒకచోట చేయి కుదిరితే రెండోచోటా కుదురుతుంది.

చెవికి సందేహం వస్తే కళ్ళతోనూ చూసుకోవచ్చు. పంచమం తీగ మీద ఉంగరపు వేలితో పై షడ్జం పలికించండి. స్వరం సరిగ్గా పడితే, మీరు ముట్టుకోని మధ్య షడ్జం తీగ తనంతట తాను సన్నగా వణుకుతుంది. వేలు వెంట్రుకవాసి జరిపితే ఆ వణుకు ఆగిపోతుంది. పిల్లలకి ఇది చూపిస్తే పావుగంట వదలరు.

తంబూరా యాప్ పెట్టుకుని, ప్రతి వరుసనీ ముందు నోటితో పాడి తర్వాత వాయించండి. ఫింగర్‌బోర్డు మీద టేపు అంటించడం మొదటి నెల వరకూ సరే. తర్వాత కూడా ఉంచితే చూపు టేపు మీదే ఉంటుంది, చెవి పనిచేయడం మానేస్తుంది.

బొటనవేలు, భుజం నొప్పి

ఎడమచేయి ఫిడేలుని మోస్తోంది, కారణం అదే. ఎడమచేయి పూర్తిగా తీసేసి చూడండి. ఛాతీకీ పాదానికీ మధ్య ఫిడేలు దానంతట అదే నిలబడాలి. జారుతుంటే కుడి పాదం కాస్త ముందుకి జరపండి, ఛాతీ దగ్గర మెత్తటి గుడ్డ పెట్టండి. తిమ్మిర్లు వస్తుంటే సాధకం ఆపి డాక్టరుకి చూపించండి.

మొదటి కాలం బాగుంది, రెండో కాలంలో కుప్పకూలుతోంది

రెండో కాలంలోనూ (రెట్టింపు వేగం) మొదటి కాలమంత పొడుగు కమానే లాగుతున్నారేమో చూసుకోండి. అక్కడ సగం కమాను, మూడో కాలంలో పావు కమాను సరిపోతుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 50 దగ్గర పెట్టి మొదలుపెడితే రెండో కాలం 100కి సమానమవుతుంది, చేతికి ఊపిరి ఆడుతుంది.

తడబాటు ఎక్కువగా "మ ప" దగ్గర వస్తుంది, ఎందుకంటే అక్కడ తీగ మారుతుంది. కుడిచేయి పంచమం తీగ వైపు ఒక్క క్షణం ముందే వంగాలి. వరుసంతా మళ్ళీ మొదటి నుంచి వాయించకుండా ఆ "గ మ ప ద" ముక్కనే పదిసార్లు తిప్పండి.

బిరడాలు నిలవడం లేదు

ఎండాకాలంలో, ఏసీ గదిలో చెక్క ఎండి బిరడాలు (తీగలు బిగించే చెక్క మరలు) జారతాయి. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతాయి. జారుతుంటే బిరడాకి కాస్త చాక్‌పీసు పొడి రాసి, తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పండి. బిగుసుకుంటే మొరటుగా తిప్పొద్దు, రిపేరు తెలిసినవాళ్ళకి ఇవ్వండి. చిన్న సవరింపులకి కింద ఫైన్ ట్యూనర్లు (చిన్న మరలు) వేయించుకుంటే రోజూ టైమ్ మిగులుతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, అయినా కూర్చోబుద్ధి కావడం లేదు

ఆదివారం రెండు గంటలు కూర్చుని మిగతా వారం పెట్టె ముట్టకపోతే చేయి ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. రోజూ పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై నిమిషాలు మేలు. పెట్టెని మంచం కిందకి తోయకుండా ఎదురుగా ఉంచండి.

రెండో కారణం, రోజూ వచ్చినవే వాయించడం. "లంబోదర" గీతం వందోసారి వాయిస్తే హాయిగానే ఉంటుంది గానీ చేయి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. రాని ముక్కతో మొదలుపెట్టి, వచ్చిన గీతంతో ముగించండి. వారానికోసారి ఫోనులో రికార్డు చేసి, నెల కిందటి దానితో పోల్చుకోండి. యూట్యూబులో ఆరేళ్ళ పిల్లాడు మోహన వర్ణం దంచేస్తున్న వీడియోతో పోల్చుకోవద్దు, దానివల్ల టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు.

పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొడుతున్నారు

బ్రిడ్జికి తగిలించే రబ్బరు మ్యూట్ కొనుక్కోండి. చప్పుడు బాగా తగ్గుతుంది. కాకపోతే అది పెట్టుకుంటే తెలియకుండానే కమాను గట్టిగా ఒత్తడం అలవాటవుతుంది, కాబట్టి చివరి ఐదు నిమిషాలు తీసేసి వాయించండి. ఆ ఐదు నిమిషాలు రాత్రి పదింటికి కాకుండా చూసుకోండి.