అప్‌డేట్ తర్వాత సెంట్రిఫ్యూజ్ గ్రాఫ్ మారిపోతే: సమస్య - పరిష్కారం

అనలిటికల్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో (నమూనాను అతివేగంగా తిప్పుతూ అందులోని అణువులు అడుగుకు జరగడాన్ని కొలిచే పరికరంలో) ప్రొటీన్లను తిప్పి, వాటి అవక్షేపణ గుణకాన్ని, అంటే అవి ఎంత త్వరగా అడుగుకు జరుగుతాయో చెప్పే కొలతను, గ్రాఫ్‌గా గీసుకునేవారికి విశ్లేషణ, గ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌లను అప్‌డేట్ చేసే రోజు కొంత గుబులుగానే ఉంటుంది. హైదరాబాద్‌లో మా ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. పరికరం హబ్సిగూడ వైపు ఉంటుంది, విశ్లేషణ చేసే కంప్యూటర్ గచ్చిబౌలిలో ఉంటుంది, మధ్యలో డేటా పెన్‌డ్రైవ్‌లో మెట్రో ఎక్కి వస్తుంది. ఈ ప్రయాణానికీ గ్రాఫ్‌లో వచ్చే తేడాకూ ఉన్న సంబంధం కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది. ఏ మార్పు చేసేముందైనా పాత వెర్షన్‌ను తొలగించకుండా, వేరే ఫోల్డర్‌లో అలాగే ఉంచుకోవాలి. ఎందుకంటే అనుమానం వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

సమస్య: గ్రాఫ్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ అసలు తెరుచుకోవడం లేదు.

విశ్వవిద్యాలయాల్లో తయారై ఉచితంగా అందే ప్రోగ్రామ్‌లకు చాలాసార్లు డిజిటల్ సంతకం ఉండదు కాబట్టి విండోస్ వాటిని అడ్డుకుంటుంది. ఫైలును తయారీదారుల సొంత పేజీ నుంచే దింపుకున్నామని నిర్ధారించుకున్నాక, హెచ్చరిక పెట్టెలో ‘మోర్ ఇన్ఫో’ నొక్కి ‘రన్ ఎనీవే’ ఎంచుకోవచ్చు. డీఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన సహాయక ఫైలు) లేదన్న సందేశం వస్తే, అలాంటి ఫైళ్లను అందించే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. పరికరానికి అనుసంధానమైన కంప్యూటర్‌లో మాత్రం ఈ ప్రయోగాలేవీ చేయవద్దు. అది డేటా సేకరణకే పరిమితమై ఉండాలి.

సమస్య: ప్రోగ్రామ్ విడిగా తెరుచుకుంటోంది గానీ, గుణకాన్ని లెక్కించే సెడ్‌ఫిట్ వంటి విశ్లేషణ ప్రోగ్రామ్ మెనూ నుంచి గ్రాఫ్ గీయమంటే ఏమీ జరగడం లేదు, లేదా పాత వెర్షనే తెరుచుకుంటోంది.

విశ్లేషణ ప్రోగ్రామ్ గ్రాఫ్ ప్రోగ్రామ్‌ను పాత చిరునామాలోనే వెతుకుతూ ఉండవచ్చు. పాతదాని ఫోల్డర్‌కు వేరే పేరు పెట్టి, కొత్తదాన్ని సరిగ్గా ఆ చోటే ఉంచి చూడండి. రెండు ప్రోగ్రామ్‌లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవైతే రెండింటినీ ఒకేరోజు అప్‌డేట్ చేయడం మేలు.

సమస్య: గ్రాఫ్ ఖాళీగా వస్తోంది, లేదా అక్షం మీద అంకెలు అర్థంలేకుండా ఉన్నాయి.

మన దగ్గర దశాంశాన్ని చుక్కతో రాస్తాం, జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాల్లో కామాతో రాస్తారు. అక్కడి సహకార ప్రయోగశాల పంపిన ఫైలైనా, ఆ అమరికతో వచ్చిన కంప్యూటరైనా 4.3ను ప్రోగ్రామ్ 43గా చదవవచ్చు, లేదా అసలు చదవకపోవచ్చు. విండోస్‌లోని ప్రాంతీయ అమరికల్లో దశాంశ గుర్తును చుక్కగా మార్చి, ప్రోగ్రామ్‌ను మూసి మళ్లీ తెరవండి.

సమస్య: గ్రాఫ్ చక్కగానే వస్తోంది గానీ పీక్ (గ్రాఫ్‌లోని శిఖరం) పక్కకు జరిగింది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది ఇక్కడే, ఎందుకంటే ఎర్రర్ సందేశం ఏదీ రాదు. మొదట అక్షం పేరు చూడండి. పాత గ్రాఫ్ ప్రయోగంలో కొలిచిన విలువను చూపిస్తూ, కొత్త గ్రాఫ్ 20 డిగ్రీల నీటికి సరిదిద్దిన ప్రామాణిక విలువను చూపిస్తూ ఉండవచ్చు. మామూలు ఫాస్ఫేట్ బఫర్‌లోనే (ప్రొటీన్‌ను ఉంచే లవణ ద్రావణంలోనే) ఈ రెండింటికీ సుమారు 3 నుంచి 4 శాతం తేడా ఉంటుంది. 4 డిగ్రీల వద్ద తిప్పిన నమూనా అయితే, అక్కడ నీటి స్నిగ్ధత (చిక్కదనం) 20 డిగ్రీల నాటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి, తేడా చాలా పెద్దదవుతుంది.

అక్షం పేరు ఒకటేనని తేలితే, తర్వాత అనుమానించవలసింది కాలాన్ని. అవక్షేపణ గుణకాన్ని లెక్కించేటప్పుడు గడిచిన సమయం హారంలో ఉంటుంది. ఫలితాన్ని స్వెడ్‌బర్గ్‌లలో, అంటే సెకనులో పది లక్షల కోట్లవ వంతును ఒక ప్రమాణంగా తీసుకుని చెబుతాం. స్కాన్ ఫైలులో (నమూనా తిరుగుతుండగా పరికరం ఒక్కోసారి తీసిన కొలత ఉండే ఫైలులో) సమయం తక్కువగా నమోదైతే గుణకం అంతమేరకు పెరుగుతుంది. డేటా సేకరణ సాఫ్ట్‌వేర్‌లో ఒక కొత్త వెర్షన్ స్కాన్ సమయాలను తప్పుగా రాస్తోందనీ, దానివల్ల 10 శాతం దాకా పొరపాటు వస్తోందనీ 2013లో ఒక పరిశోధనా పత్రం బయటపెట్టింది. ఆ తర్వాత సెడ్‌ఫిట్‌లో, ఫైలు లోపల రాసిన సమయాన్ని విండోస్ ఆ ఫైలుకు వేసిన సమయముద్రతో పోల్చి సరిదిద్దే ఏర్పాటు వచ్చింది. కాబట్టి సెడ్‌ఫిట్ పాత వెర్షన్ నుంచి మారినప్పుడు పీక్ జరిగితే కొత్తది చెడిందని తీర్మానించుకోకూడదు. ఇన్నాళ్లూ మనం తప్పు విలువనే చూస్తూ ఉండి ఉండవచ్చు.

దీన్ని చేత్తోనే సరిచూసుకోవచ్చు. మొదటి, చివరి స్కాన్‌ల లోపల రాసి ఉన్న సెకన్ల తేడా 18,000 అనుకుందాం. అవే రెండు ఫైళ్లు విండోస్ ప్రకారం చివరిసారి మారిన సమయాల మధ్య తేడా 19,800 సెకన్లు ఉంటే, నిజమైన సమయం రెండోదే, మీ పాత విలువలు 10 శాతం ఎక్కువగా వచ్చినట్టే.

పెన్‌డ్రైవ్ సంగతి ఇక్కడే వస్తుంది. ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే, జిప్ చేసి పంపితే చివరిసారి మారిన సమయం చెక్కుచెదరదు. ఒక్కో ఫైలునూ మెయిల్‌కు జోడించి దింపుకున్నా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేసినా ఆ ముద్ర చెరిగిపోతుంది, దాంతో దిద్దుబాటుకు ఆధారమే పోతుంది. మా విద్యార్థి ఒకరు ఫైళ్ల మొదటి వరుసలో నమూనా పేరును నీటుగా సవరించి పెట్టారు. ఆ శ్రద్ధ ఖరీదు మాకు రెండు రోజులు. పరికరం పక్కనున్న కంప్యూటర్‌లో అసలు ఫైళ్లు మిగిలి ఉండబట్టి బయటపడ్డాం.

అన్నీ సరిగా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి బోవైన్ సీరమ్ ఆల్బుమిన్‌ను (ఆవు రక్తంలోని ఒక ప్రొటీన్‌ను) తిప్పడం మంచి పద్ధతి. 67 ప్రయోగశాలల నుంచి వచ్చిన 129 డేటా సమూహాలను పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో, ఈ ప్రొటీన్ మోనోమర్ (ఒకదానితో ఒకటి జతకట్టని విడి అణువు) విలువ 3.655 నుంచి 4.949 స్వెడ్‌బర్గ్‌ల దాకా చెదిరిపోయింది. సమయం, ఉష్ణోగ్రత, వ్యాసార్థం (తిరిగే కేంద్రం నుంచి దూరం) మూడింటినీ సరిదిద్దాక సగటు 4.325 దగ్గర, 0.030 విచలనంతో కుదురుకుంది. అంటే సమయం సరిచేశాక కూడా తేడా మిగిలితే, నమూనాలను పట్టి తిప్పే రోటర్ నిజమైన ఉష్ణోగ్రతనూ, వ్యాసార్థపు కొలతనూ పరికరం నిర్వహించేవారితో పరీక్ష చేయించాలి. అది గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ పరిధిలోని పని కాదు.

ఇప్పటికే సిద్ధాంత వ్యాసంలో చేరిన పాత గ్రాఫ్‌ల కోసం నమూనాను మళ్లీ తిప్పనక్కర్లేదు. సమయముద్ర చెదరని స్కాన్ ఫైళ్లను కొత్త వెర్షన్‌లో తిరిగి విశ్లేషించి, బొమ్మ కింద వెర్షన్ సంఖ్యను రాస్తే సరిపోతుంది.