దుకాణానికి వెబ్‌సైట్: మూడేళ్ల ఖర్చును ముందే లెక్కకట్టే పద్ధతి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం ప్రాంతాల్లో పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్మే తెలుగు వ్యాపారులకు వెబ్‌సైట్ చేసిపెడతామంటూ వచ్చే కొటేషన్లలో సాధారణంగా ఒకే ఒక పెద్ద అంకె కనిపిస్తుంది. అది తయారీ ఖర్చు. సైట్ మొదలైన తర్వాత ఏడాదికి ఎంత, ఆర్డరుకు ఎంత, చేసిపెట్టినవారు మధ్యలో మానేస్తే ఎంత అన్న లెక్కలు ఆ కాగితంలో ఉండవు. అందువల్ల కొటేషన్‌నే బడ్జెట్‌గా భావించకుండా, వ్యాపారి కనీసం మూడేళ్ల కాలానికి సొంతంగా లెక్క వేసుకోవాలి. మొదటి ఏడాది రాయితీలతో గడిచిపోతుంది. రెండో ఏడాది అసలు రెన్యూవల్ ధరలు బయటపడతాయి. మూడో ఏడాదికి సైట్‌లో ఏదో ఒక భాగం పాతబడి మరమ్మతు కోరుతుంది. అందుకే మూడేళ్లు.

లెక్కకు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. దుకాణం ఎక్కడుందో, ఎన్ని గంటలకు తెరుస్తారో, ఫోన్ నంబరు ఏమిటో తెలియజేయడమే అవసరమైతే గూగుల్ మ్యాప్స్‌లో వ్యాపార వివరాలను ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. చుట్టుపక్కల పీజీలకు, అపార్ట్‌మెంట్లకు మాత్రమే సరుకు పంపే దుకాణానికి అదీ, వాట్సాప్ బిజినెస్ క్యాటలాగూ సరిపోతాయని నా అభిప్రాయం. ఊరు దాటి ఆర్డర్లు కావాలన్నా, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవాలన్నా, ధరల పట్టికను ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉండాలన్నా సొంత సైట్ గురించి ఆలోచించడం సమంజసం.

ఖర్చును మూడు పద్దులుగా విడదీసి రాసుకోవాలి: ఒక్కసారి పెట్టేది, ఏటా కట్టేది, ప్రతి ఆర్డరుకూ పోయేది. నోటు పుస్తకమైనా, ఎక్సెల్ అయినా ఫర్వాలేదు గానీ ఈ మూడింటినీ కలిపి రాయకూడదు, ఎందుకంటే వీటిలో బేరం ఆడదగినవి వేరు, తగ్గించలేనివి వేరు.

డొమైన్, హోస్టింగ్

డొమైన్ (సైట్ చిరునామాగా వాడే పేరు) ఖరీదు చిన్నదే, కానీ దాని మీద అజాగ్రత్తకు పడే మూల్యం చాలా పెద్దది. డాట్ ఇన్ లేదా డాట్ కామ్ పేరుకు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు అనుకోవచ్చు. ప్రకటనల్లో కనిపించే తక్కువ ధర మొదటి ఏడాదికి మాత్రమే వర్తిస్తుంది కాబట్టి, కొనేటప్పుడే రెన్యూవల్ ధరను చూసి పద్దులో ఆ అంకెనే వేయాలి. పేరును ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకు నమోదు చేసుకోవచ్చు. డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీని (ప్రధాన పట్టికను) నిక్సీ అనే భారతీయ సంస్థ నడుపుతుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా దాని కిందనే దొరుకుతాయి. అయితే తెలుగు లిపి పేరును అదనంగా పెట్టుకోవచ్చే తప్ప, దాన్నే ప్రధాన చిరునామాగా పెట్టుకుంటే కన్నడ, తమిళ కొనుగోలుదారులు టైప్ చేయలేరు.

డొమైన్‌ను డెవలపర్ పేరు మీద కాకుండా వ్యాపారి తన పేరు మీద, తన ఈమెయిల్‌తో, తన కార్డుతో కొనాలి. "మేమే చూసుకుంటాం, మీకెందుకు శ్రమ" అన్న మర్యాదకు లొంగిపోతే, రెండేళ్ల తర్వాత సొంత దుకాణం పేరును అడిగి తెచ్చుకోవలసిన పరిస్థితి వస్తుంది. గడువు దాటిన డాట్ కామ్ పేరును కొన్నాళ్లపాటు మామూలు రుసుముతో తిరిగి పొందే అవకాశాన్ని చాలా రిజిస్ట్రార్లు (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీలు) ఇస్తారు. ఆ తర్వాత మొదలయ్యే 30 రోజుల రిడెంప్షన్ (పేరును విడిపించుకునే) కాలంలో మాత్రం రుసుము అనేక రెట్లు పెరుగుతుంది.

హోస్టింగ్ (సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే అద్దె చోటు) విషయంలో చిన్న దుకాణానికి షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది చాలు. "అన్‌లిమిటెడ్" అన్న మాటను పట్టించుకోకుండా రోజూ బ్యాకప్ తీస్తారా, దాన్ని తిరిగి పెట్టడానికి వేరుగా డబ్బు అడుగుతారా అని అడగాలి. సైట్‌కూ చూసేవారికీ మధ్య వెళ్లే సమాచారాన్ని భద్రపరిచే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు విడిగా వేలు అడిగితే ఒప్పుకోనక్కరలేదు: లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ వాటిని ఉచితంగానే ఇస్తోంది, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్ని తమ ప్యానెల్‌లోనే కలిపి ఇస్తున్నాయి. డాలర్లలో కట్టవలసిన సేవలు తీసుకుంటే కార్డు మీద విదేశీ మారకపు రుసుము పడుతుంది. అది బ్యాంకును బట్టి మూడున్నర శాతం వరకూ ఉంటుంది, దానిపై జీఎస్టీ అదనం. భారతీయ కార్డులపై రూ. 15,000 దాటిన ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ ధ్రువీకరణ కావాలి కాబట్టి, పెద్ద మొత్తాల రెన్యూవల్ దానంతటదే జరిగిపోతుందని నిశ్చింతగా ఉండకూడదు.

తయారీ ఖర్చు, దానితో పాటు రావలసిన కాగితం

వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పదిహేను పేజీల దుకాణం సైట్‌ను ఒక ఫ్రీలాన్సర్ చేసిపెట్టవచ్చు. అదే పనికి ఏజెన్సీ రెండు మూడు రెట్లు అడగవచ్చు. ఏది మంచిదన్నది ధర మీద కాదు, తర్వాత ఫోన్ ఎత్తేదెవరన్నదాని మీద ఆధారపడుతుంది. సేవలు అందించేవారికి కర్ణాటకలో ఏడాది టర్నోవర్ రూ. 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి కాబట్టి చాలామంది ఫ్రీలాన్సర్ల బిల్లులో పన్ను ఉండదు. ఏజెన్సీ బిల్లులో మాత్రం 18 శాతం ఉంటుంది. రూ. 40,000 అని చెప్పిన ఏజెన్సీకి చివరకు రూ. 47,200 చెల్లించాలి. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గింపుగా పొందవచ్చు. నమోదు లేనివారికి, కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవారికి ఆ వీలు లేదు, కాబట్టి వాళ్లు పన్నుతో కలిపిన అంకెనే ఖర్చుగా రాసుకోవాలి.

డబ్బు కట్టినంత మాత్రాన సైట్ కోడ్, డిజైన్ మనవైపోతాయని అందరూ అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని వ్యక్తి బయటి నుంచి చేసిచ్చిన ప్రోగ్రాముకు తొలి హక్కుదారు సాధారణంగా దాన్ని రాసినవారే. హక్కులు బదిలీ కావాలంటే వారి సంతకంతో రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. అందులో కాలపరిమితి చెప్పకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితంగా పరిగణిస్తుంది. కాబట్టి ఒప్పందంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న వాక్యం ఉండేలా చూసుకోవాలి. దానికయ్యేది ఒక పేజీ కాగితం ఖర్చే. చెల్లింపును కూడా విడతలుగా పెట్టుకొని, చివరి విడతను డొమైన్, హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ), సైట్ అడ్మిన్ పాస్‌వర్డులన్నీ చేతికి వచ్చిన రోజున ఇవ్వాలి.

ప్లగిన్లు (సైట్‌కు అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు), థీమ్‌లు (రెడీమేడ్ డిజైన్లు) కొనిపెట్టారంటే వాటి లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో, ఏటా ఎంత కట్టాలో అడిగి తెలుసుకోవాలి. చాలా లైసెన్సులు ఏడాదికే; గడువు తీరాక ప్లగిన్ పని చేస్తూనే ఉండవచ్చు గానీ భద్రతా నవీకరణలు ఆగిపోతాయి. డబ్బు తీసుకునే సైట్‌లో అలా వదిలేయడం తాళం లేని గల్లాపెట్టెతో సమానం.

భాషల ఖర్చు

బెంగళూరులోని తెలుగు దుకాణానికి కనీసం ఇంగ్లిషు, తెలుగు కావాలి. కన్నడం కూడా ఉంటే వ్యాపారానికి మంచిది, ఇరుగుపొరుగుకూ మర్యాద. ఈ పద్దును కొటేషన్లు దాదాపు ఎప్పుడూ వదిలేస్తాయి, "కంటెంట్ క్లయింట్ ఇవ్వాలి" అని ఒక్క మాటతో సరిపెడతాయి. దుకాణం లేబుళ్లు, కరపత్రాలు డీటీపీలో అను స్క్రిప్ట్ వంటి పాత ఫాంట్లతో చేసి ఉంటే ఆ ఫైళ్లలోని అక్షరాలు యూనికోడ్‌లో (ఇంటర్నెట్ అంతటా వాడే అక్షరాల ప్రమాణంలో) ఉండవు. వాటిని నేరుగా సైట్‌లో పెడితే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్లతో మార్చవచ్చు కానీ ఒత్తులు అక్కడక్కడా చెదిరిపోతాయి, కాబట్టి ప్రూఫ్ చూసే మనిషికి కూలి వేసుకోవాలి. యంత్రానువాదంతో ఈ ఖర్చు తప్పుతుందని కొందరంటారు. నువ్వుల పొడికీ నల్లకారానికీ తేడా తెలియని అనువాదాన్ని చదివిన అమ్మమ్మలెవరూ ఆర్డరు పెట్టరు.

ఫాంట్లకు మాత్రం పైసా పెట్టనవసరం లేదు. మండలి, మల్లన్న, రామభద్ర, గురజాడ వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు ధరల పట్టికల్లో చక్కగా చదవడానికి వీలుగా ఉంటుంది.

ఎస్ఎంఎస్ విషయంలో తెలుగుకు ఖర్చు ఎక్కువ. ఇంగ్లిషు సందేశం ఒకదానిలో 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే పడతాయి. సందేశం అంతకు మించితే ముక్కలవుతుంది, అప్పుడు ఒక్కో భాగంలో 67. అదీ కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు, గుణింతపు గుర్తును, ఒత్తును కూడా వేరువేరుగా లెక్కిస్తారు. "పచ్చడి" మనకు మూడక్షరాలే, యంత్రానికి ఆరు. ఇలా లెక్కిస్తే 150 గుర్తులున్న తెలుగు సందేశం మూడు ఎస్ఎంఎస్‌లుగా బిల్లవుతుంది, అదే నిడివి ఇంగ్లిషులో ఒక్కటే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద వ్యాపార ఎస్ఎంఎస్‌లకు డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వేదికలో సంస్థను, సందేశాల నమూనాలను ముందే నమోదు చేసుకోవాలి. ఆర్డర్లు తక్కువగా ఉన్నన్నాళ్లు ఈమెయిల్, వాట్సాప్‌లతో నెట్టుకురావడం మేలు.

ఆర్డరు మీద పోయేది

పేమెంట్ గేట్‌వేలు కార్డు చెల్లింపుల మీద సుమారు రెండు శాతం తీసుకుంటాయి, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ. రూ. 800 ఆర్డరు మీద రూ. 16, దానిపై రూ. 2.88, మొత్తం రూ. 18.88 పోతుంది. యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపుపై వ్యాపారి నుంచి తీసుకునే రుసుము) లేదు. అయినా కొన్ని గేట్‌వేలు ప్లాట్‌ఫామ్ రుసుము పేరిట కొంత వసూలు చేస్తాయి కాబట్టి ఒప్పందం చదవాలి.

పొరుగు రాష్ట్రాలకు పంపాలనుకునేవారు మరొకటి గమనించాలి. పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పదు. హిందూపురానికే కాదు, బొమ్మసంద్ర దాటి కాస్త ముందుకు వెళ్తే వచ్చే హోసూరుకు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు ఇలా సరుకును రాష్ట్రం బయటికి అమ్మడానికి వీల్లేదు. నమోదు చేసుకుంటే నెలనెలా రిటర్నులు వేసే అకౌంటెంట్ రుసుము కూడా వెబ్‌సైట్ పద్దులోకే వస్తుంది, ఎందుకంటే సైట్ లేకపోతే ఆ ఖర్చు ఉండేది కాదు.

ఒక నమూనా లెక్క

అంకెలు మీ కొటేషన్లను బట్టి మారుతాయి; పద్ధతి కోసం కొన్ని అనుకుందాం. ఒక్కసారి పెట్టేవి: తయారీ రూ. 40,000, ఫొటోలు రూ. 8,000, మూడు భాషల రాత, ప్రూఫ్ రూ. 7,000, కలిపి రూ. 55,000. ఏటా కట్టేవి: డొమైన్ రూ. 1,000, హోస్టింగ్ రూ. 6,000, రెండు ఈమెయిల్ ఖాతాలకు రూ. 3,600, ప్లగిన్ లైసెన్సులు రూ. 8,000, నెలకు రూ. 1,500 చొప్పున నిర్వహణ రూ. 18,000, కలిపి రూ. 36,600. మూడేళ్లకు ఇది రూ. 1,09,800. రెండూ కూడితే రూ. 1,64,800, అనుకోని ఖర్చులకు పది శాతం కలిపితే రూ. 1,81,280. అంటే నెలకు సుమారు రూ. 5,036. రూ. 40,000 అని చెప్పిన సైట్ మూడేళ్లలో దానికి నాలుగున్నర రెట్లు తీసుకుంది.

ఈ నెలసరి అంకెను ఆర్డర్లలోకి మార్చాలి. సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోగా ఒక్కో ఆర్డరు మీద రూ. 120 మిగిలి, గేట్‌వే రుసుము, సందేశాల కింద రూ. 20 పోతే చేతికొచ్చేది రూ. 100. నెలకు 51 ఆర్డర్లు వస్తేనే సైట్ తన ఖర్చు తాను మోసుకుంటుంది. ఆ 51 కొత్తగా రావలసినవి. ఇదివరకు వాట్సాప్‌లో పెట్టే పాత ఖాతాదారులే ఇప్పుడు సైట్‌లో పెడితే అవి ఈ లెక్కలోకి రావు; పైగా మునుపు ఉచితంగా యూపీఐ చేసినవారు ఇప్పుడు కార్డు వాడితే రుసుము కొత్తగా పడుతుంది. లెక్క కుదరకపోతే ముందుగా తగ్గించదగింది తయారీలోని హంగులే గానీ, నిర్వహణా బ్యాకప్పూ కాదు. పదిహేను పేజీలకు బదులు ఆరు పేజీలతో, అమ్ముడుపోయే పది సరుకులతో మొదలుపెట్టవచ్చు. ప్రకటనల ఖర్చును ఈ నమూనాలో కావాలనే చేర్చలేదు. దాన్ని విడి పద్దుగా పెట్టి, ఏ నెలకానెల ఆపేయగలిగేలా ఉంచుకోవడం నయం.

సైట్‌ను మూసేయవలసివస్తే అయ్యే ఖర్చును కూడా ఈ కాగితం మీదే రాసిపెట్టుకోవాలి. హోస్టింగ్‌ను ఆపేసినా డొమైన్‌ను వెంటనే వదిలేయకూడదు, ఎందుకంటే గడువు తీరిన పేర్లను బెట్టింగ్, జూదం సైట్లవాళ్లు కొని, పాత లంకెల ద్వారా వచ్చేవారిని తమవైపు తిప్పుకుంటారు. దుకాణం సంచుల మీద, లేబుళ్ల మీద ఆ చిరునామా ఇంకా అచ్చై ఉంటుంది. కనీసం రెండేళ్ల డొమైన్ రుసుము రూ. 2,000 పక్కన పెట్టుకొని, ఆ కాలమంతా ఆ పేరును వాట్సాప్ లింకుకో, మ్యాప్స్ పేజీకో దారి మళ్లించి ఉంచాలి. ఖాతాదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఆర్డర్ల వివరాలు ఉన్న డేటాబేస్‌లో పన్ను లెక్కలకు అవసరమైనవి దింపుకొని, మిగతాది సర్వర్ నుంచి తీసేయించాలి. డెవలపర్ దగ్గర మిగిలిన కాపీని కూడా తీసేసినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి.