వేసవి ఈత శిబిరంలో పిల్లలను చేర్చే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి విజయవాడలో ఈత శిబిరాల ఫ్లెక్సీలు వెలుస్తాయి. మునిసిపల్ కొలనులతో పాటు క్లబ్బులు, ప్రైవేటు బడులు, అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా ఇప్పుడు వేసవి బ్యాచ్‌లు నడుపుతున్నాయి. తల్లిదండ్రులు సాధారణంగా ఫీజు, దూరం, బ్యాచ్ సమయం మాత్రమే అడిగి పిల్లలను చేర్చేస్తున్నారు. నిజానికి డబ్బు కట్టే ముందు, శిబిరం జరుగుతున్న వేళలోనే వెళ్లి, ఒక అరగంట గట్టు మీద నిలబడి చూడడం అవసరం. ఖాళీ కొలనులో టైల్స్ ఎంత మెరిసినా దాని వల్ల మనకు తెలిసేది తక్కువ.

అన్నింటికన్నా ముందు గట్టు మీద ఎవరున్నారో చూడండి. నేర్పే కోచ్ వేరు, కాపలా కాసే లైఫ్‌గార్డ్ వేరు. ఒక పిల్లవాడికి కాళ్లు ఆడించడం నేర్పుతున్న కోచ్ అదే సమయంలో మిగతా పిల్లలందరినీ కనిపెట్టి ఉండలేడు. మునిగిపోతున్న పిల్లవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని మనం అనుకుంటాం కానీ, నోరు నీటిమట్టానికి దిగిపోయాక అరవడానికి ఊపిరే చాలదు కనుక చాలా సందర్భాల్లో చప్పుడేమీ లేకుండానే ఒక్క నిమిషం లోపు అంతా జరిగిపోతుంది. అందుకే లైఫ్‌గార్డ్ తన పరిధిలోని నీటిని పది సెకన్లలో ఒకసారి పూర్తిగా పరికించాలని, ప్రమాదం కనిపిస్తే మరో ఇరవై సెకన్లలో అక్కడికి చేరుకోవాలని ఈ వృత్తిలో ఒక కొలత ఉంది. ఆ మనిషి ఫోన్ చూసుకుంటున్నా, ఫీజు రసీదులు రాస్తున్నా అక్కడ కాపలా లేనట్లే లెక్క.

తరువాత నిర్వాహకుడిని ఒక ప్రశ్న అడగండి: ఎవరినైనా నీళ్లలోంచి బయటికి లాగవలసి వస్తే మీరు ఏం చేస్తారు? పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తామనో, తలకిందులుగా పట్టుకుంటామనో జవాబు వస్తే ఆ శిబిరాన్ని వదిలేయడం మంచిది. మన ప్రాంతంలో ఇప్పటికీ చాలామంది నమ్మే ఆ పద్ధతి వల్ల కడుపులోని నీరు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. విలువైన సమయం కూడా వృథా అవుతుంది. స్పృహ లేక, ఊపిరి ఆడని పిల్లవాడికి ముందుగా నోటి ద్వారా శ్వాస అందించి, ఆపైన 30 సార్లు ఛాతీ నొక్కడం, 2 సార్లు శ్వాస ఇవ్వడం ఆపకుండా కొనసాగిస్తూ, ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించాలి. ఈ మాట తడుముకోకుండా చెప్పగలిగినవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారా అన్నదే చూడాలి. మా దగ్గర అలాంటివి జరగవండీ అని నవ్వేసేవారి కన్నా, గతంలో జరిగిన చిన్న ప్రమాదాన్ని చెప్పి, ఆ తరువాత ఏం మార్చుకున్నారో వివరించేవారినే నేను ఎక్కువ నమ్ముతాను.

నీటి సంగతికి వస్తే, లోతైన వైపు అడుగున నీళ్లు బయటికి పోయే జాలీ గట్టు మీది నుంచి స్పష్టంగా కనిపించాలి. అడుగు కనిపించని నీళ్లలో మునిగిన పిల్లవాడు కూడా కనిపించడు. కొలను నీటిలో స్వేచ్ఛా క్లోరిన్, అంటే క్రిములను చంపడానికి ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, కనీసం 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము), నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలన్నది అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సూచన. ఘాటైన వాసన వస్తే శుభ్రతకు గుర్తని చాలామంది అనుకుంటారు; అది తరచుగా చెమటతోనూ మూత్రంతోనూ క్లోరిన్ కలిసి పుట్టిన పదార్థాల వాసన. పైకప్పు లేని కొలనుల్లో మన మే నెల ఎండకు క్లోరిన్ చాలా త్వరగా తరిగిపోతుంది కాబట్టి పొద్దున రాసిన రీడింగ్ చూసి తృప్తిపడకుండా, సాయంత్రం బ్యాచ్‌కు ముందు మళ్లీ పరీక్షిస్తున్నారా అని అడగాలి. క్లోరిన్ వేయం, బోరు నీళ్లు మారుస్తుంటాం అన్న మాట భరోసా కాదు. ముక్కు ద్వారా మెదడుకు చేరే నెగ్లేరియా అమీబా క్లోరిన్ లేని, లేదా చాలినంత లేని, ఉప్పులేని వెచ్చని నీటిలో పెరుగుతుంది, కేరళలో ఇటీవలి సంవత్సరాల్లో అలాంటి కేసులు వచ్చాయి. పిల్లలు నీళ్లలో ఉండగా బ్లీచింగ్ చల్లడం, బ్లీచింగ్ బస్తాల పక్కనే యాసిడ్ డబ్బాలు ఉంచడం కనిపిస్తే అది నిర్లక్ష్యమే, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే విషవాయువు వెలువడుతుంది.

మన వైపు నుంచి దాచకూడనివి కూడా ఉన్నాయి. పిల్లవాడికి మూర్ఛ, ఆస్తమా, కర్ణభేరికి రంధ్రం వంటివి ఉంటే డాక్టరు సలహా తీసుకుని కోచ్‌కు ముందే చెప్పాలి. విరేచనాలు అవుతుంటే నీళ్లలోకి పంపకూడదు, ఎందుకంటే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగా క్లోరిన్ కలిపిన నీటిలోనూ వారానికి పైగా బతుకుతుంది. ఊపిరి బిగబట్టే పందేలను కోచ్ ప్రోత్సహిస్తే అభ్యంతరం చెప్పండి. ఉరుము వినిపిస్తే అందరినీ బయటికి రప్పించి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి.

శిబిరం చివర ఇచ్చే సర్టిఫికెట్‌కు బదులు, పిల్లవాడు ఏం చేయగలుగుతున్నాడో చూపమనండి. అమెరికన్ రెడ్ క్రాస్ చెప్పే కొలత సులువైనది: తల మునిగేంత లోతులోకి దిగి పైకి రావడం, ఒక నిమిషం తేలి ఉండడం, చుట్టూ తిరిగి ఒడ్డు ఎటో చూసుకోవడం, సుమారు 23 మీటర్లు ఈది ఒడ్డు చేరడం, నిచ్చెన లేకుండా ఎక్కడం. స్ట్రోక్ (చేతులు, కాళ్లు ఆడించే తీరు) అందం ఆ తరువాతి విషయం.

ఆ నైపుణ్యాలన్నీ వచ్చినా అవి కొలనుకే సరిపోతాయి. ఖరీఫ్‌కు బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు నీళ్లు వదిలే నాటికి శిబిరాలు ముగుస్తాయి, పిల్లలకు కొత్త ధైర్యం వచ్చి ఉంటుంది. కాలువలో ప్రవాహం ఉంటుంది, పట్టుకోవడానికి గట్టు అందదు. ప్రకాశం బ్యారేజి దిగువన ఇసుక గుంతలు పైకి కనిపించవు. అందుచేత చివరి వారంలో ఒక పూట, మునిగేవారిని చూస్తే తాను దూకకుండా గెడో తువ్వాలో చీరో అందించి లాగడం, పెద్దలను కేకవేసి పిలవడం సాధన చేయించమని నిర్వాహకులను ముందుగానే కోరండి.