మాక్‌టెయిల్ చివరి గ్లాసు దాకా చప్పబడకుండా

వసంతంలో నలుగురూ కూడినప్పుడు పుదీనా, నిమ్మ, సోడా కలిపి జగ్గు నిండా మాక్‌టెయిల్ చేస్తుంటాను. మొదటి గ్లాసు అదిరిపోయేది. కాసేపటికే అదే జగ్గు చప్పబడి, పైగా చేదెక్కేది.

చేదు సంగతి ముందు తేలింది. పుదీనాను పచ్చడికి నూరినట్టు దంచితే ఆకు చితికి పసరు దిగుతుంది. ఇప్పుడు గరిటె వెనకవైపుతో మెల్లగా అదుముతాను, అంతే. ఆకు ముక్కలవకూడదు, గుప్పున వాసన రావాలి. నిమ్మచెక్కలు కూడా నాననివ్వను, తొక్క కింది తెల్లపొర చేదు. రసం మాత్రమే పోస్తాను.

చల్లటి నీళ్లలో పంచదార త్వరగా కరగదు కాబట్టి, రెండూ సమానంగా తీసుకుని వేడిచేసి, ఆ సిరప్ చల్లార్చి ఉంచుతాను. గ్లాసుకి 20 మి.లీ. సిరప్, 20 మి.లీ. నిమ్మరసం, 120 మి.లీ. సోడా.

అసలు తేడా సోడా దగ్గరే. చల్లగా ఉన్నంతసేపే అందులో గ్యాస్ బాగా నిలుస్తుంది. అందుకే జగ్గులో కలపడం మానేసి, సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచి, తాగేముందు ఎవరి గ్లాసులో వాళ్లకి పోస్తున్నాను. ఐస్ పెద్ద ముక్కలైతే నెమ్మదిగా కరుగుతుంది, రుచి పలచబడదు.

మద్యం తీసుకునే పెద్దవాళ్లుంటే అదే గ్లాసులో 45 మి.లీ. వైట్ రమ్ కలిపితే మొహిటో సిద్ధం.