చోంగ్‌చింగ్ హాట్‌పాట్ విందుకు ముందు జాగ్రత్తలు

☐ హాట్‌పాట్ అంటే బల్ల మీదే మరిగే పులుసు కుండలో మాంసం, కూరలు ఉడికించుకుంటూ తినే చైనా విందు. చోంగ్‌చింగ్ నగరంలో కారపు ఎర్ర పులుసును సాధారణంగా గొడ్డు కొవ్వుతోనే కాస్తారు. మిత్రుల్లో అది తిననివారు ఒక్కరున్నా ఆర్డరుకు ముందే అడగండి. ఒక అరలో ఎర్ర పులుసు, మరో అరలో కారం లేని తెల్ల పులుసు ఉండే రెండు అరల కుండ తీసుకున్నంత మాత్రాన సరిపోదు. తెల్ల పులుసు కూడా తరచూ ఎముకల రసమే. శాకాహారులకు పుట్టగొడుగుల పులుసో, టమాటా పులుసో కోరండి. అదీ కాదంటే వారికి విడి కుండ పెట్టించడమే మర్యాద.

☐ వేరుశనగ, నువ్వులు పడనివారు సాసులు కలుపుకునే ముందు చూసుకోవాలి.

☐ పచ్చి మాంసానికి వేరే చాప్‌స్టిక్స్. కబుర్ల సందడిలో అందరూ మరిచేది ఇదే, దయచేసి ఒకరినొకరు హెచ్చరించుకోండి.

☐ పలుచటి బోటికి 15 సెకన్లు చాలు. కోడిమాంసం లోపలిదాకా ఉడకాలి.

☐ ఆకుకూరలు కారపు నూనెను పీల్చేస్తాయి, తెల్ల పులుసులోనే వేయండి.