నారోబోట్ ప్రయాణానికి లాకుల లెక్క: సీమ నుంచి బ్రిటన్ వెళ్లే కుటుంబాలకు

కర్నూలు, కడప, అనంతపురం నుంచి ఎండాకాలంలో బ్రిటన్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు లండన్ చూసి, రెండు మూడు గుళ్లకు వెళ్లి, మిగతా రోజులు ఇంట్లోనే గడిపేస్తుంటారు. అక్కడి కాలువల మీద నారోబోట్ అనే సన్నటి, పొడవాటి పడవ అద్దెకు తీసుకుని, మూడు నాలుగు రాత్రులు పడవలోనే వండుకుని, పడవలోనే పడుకుంటూ తిరగొచ్చు. అవ్వాతాతలు, కొడుకూ కోడలు, మనవళ్లు అందరూ ఒక్కచోట ఉండే సెలవు అది. పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, అద్దెకిచ్చేవాళ్లే గంటసేపు నేర్పి తాళం చేతికిస్తారు. అయితే ప్లాను తప్పితే సెలవు కాస్తా కూలిపని అవుతుంది. ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే, కారు ప్రయాణంలా మైళ్లు మాత్రమే లెక్కేసుకోవడం దగ్గర.

లెక్క ఇలా వేయాలి. నారోబోట్‌కు వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. ఇరుకు కాలువల్లో నిజంగా నడిచేది గంటకు 3 మైళ్లే, అంటే మనిషి నడక. అంతకు మించి తోలితే అల లేచి గట్టు కోసుకుపోతుంది, కట్టేసిన పడవల మేకులు ఊడొస్తాయి. పడవను పై మట్టానికో కింది మట్టానికో చేర్చే తలుపుల తొట్టెను లాకు అంటారు. ఒక్కో లాకు దాటడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కాబట్టి మైళ్లూ లాకులూ కూడి మూడుతో భాగించండి. 9 మైళ్లు, 6 లాకులు ఉంటే మొత్తం 15, అంటే 5 గంటలు. మొదటి రోజు దానికి ఇంకో గంట కలపండి. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి రోజుకు 4 నుంచి 5 గంటలు చాలు. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే రింగ్ మార్గాలకు ఆశపడొద్దు. ఫోర్ కౌంటీస్ రింగ్ చుట్టూ 110 మైళ్లు, 94 లాకులు. వారంలో ముగించాలంటే రోజుకు పది గంటల దాకా పడుతుంది.

ఏ కాలువ అంటే, మొదటిసారికి వేల్స్ సరిహద్దులోని లాంగోలెన్ కాలువను మించింది లేదు. ట్రెవర్‌లోనో చర్క్‌లోనో పడవ ఎక్కి ఎల్జ్‌మియర్ దాకా వెళ్లి రావచ్చు. దారిలో ఒక్కో వైపు న్యూ మార్టన్ దగ్గర రెండే లాకులు. ట్రెవర్ పక్కనే పోంట్‌కిసుల్టే అక్విడక్ట్, అంటే కాలువను మోసే వంతెన, ఉంది. కర్నూలులో హంద్రి మీదుగా కేసీ కెనాల్ దాటడం చూసినవాళ్లు అదే పనిని 126 అడుగుల ఎత్తులో ఊహించుకోండి. డీ నది మీదుగా 1,007 అడుగుల పొడవున ఇనుప తొట్టెలో పడవ పోతుంది. 1805లో పూర్తయింది, 2009 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ఒక పక్క నడక దారికి కమ్మీలు ఉన్నాయి. రెండో పక్క తొట్టె అంచు తప్ప ఏమీ ఉండదు. దాటేంతసేపూ చిన్నపిల్లల్ని లోపలే కూర్చోబెట్టాలి. ఈ కాలువలో డీ నది నీళ్లు పారుతూ ఉంటాయి కాబట్టి లాంగోలెన్ వైపు ఎదురు ఈదాలి, ఆ వైపు వెళ్లేటప్పుడు, ఎల్జ్‌మియర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ టైము పెట్టుకోండి. లాంగోలెన్‌కు దగ్గరపడ్డాక రెండు పడవలు పట్టని ఇరుకు చోట్లు వస్తాయి. అక్కడ ఒకరు గట్టు మీద ముందు నడిచి, ఎదురు పడవ లేదని చూసి ఫోన్ చేయాలి.

బాత్‌ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ వైపు కెనెట్ అండ్ ఏవన్ కాలువ కూడా తేలికే. అదే కాలువలో డివైజెస్ దగ్గర కేన్ హిల్ మెట్లవరసలో 29 లాకులున్నాయి. ఆ వైపు పోవద్దు.

వెళ్లిన దారినే తిరిగి రావాలంటే పడవను తిప్పాలి. 57 అడుగుల పడవ ఎక్కడపడితే అక్కడ తిరగదు. కాలువ పటంలో ‘విండింగ్ హోల్’ అని గుర్తు పెట్టిన వెడల్పు చోట్లలోనే, అదీ మీ పడవ పొడవుకు సరిపోయే చోటే తిరుగుతుంది. బుక్ చేసేముందే రెండో రోజో మూడో రోజో ఎక్కడ తిరగాలో పటంలో చుట్టేసి పెట్టుకోండి. ఆ చోటు దాటిపోతే తర్వాతిది రెండు మూడు మైళ్ల అవతల ఉండొచ్చు.

బుకింగ్, వీసా

అద్దె సీజన్ ఇంచుమించు మార్చి చివర నుంచి అక్టోబర్ దాకా. శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రాత్రులు, లేదా వారం ఇస్తారు. నాలుగు రాత్రులదే మేలు. మూడు రాత్రుల్లో నేర్చుకునేసరికే దిగే రోజు వస్తుంది. అక్కడి బడులకు జూలై చివర నుంచి ఆగస్టు దాకా సెలవులు, అప్పుడు అద్దె బాగా ఎక్కువ. జూన్ మొదటి రెండు వారాలు అన్నిటికంటే అనువు. వెలుతురు రాత్రి తొమ్మిది దాటేదాకా ఉంటుంది, చెనిక్కాయ విత్తనం పనులకు మళ్లీ ఊరు చేరొచ్చు. ఏప్రిల్‌లో వద్దు. కర్నూలు ఎండ నుంచి నేరుగా వెళ్లి నీటి మీద పది డిగ్రీల చలిలో టిల్లర్ (పడవను తిప్పే చుక్కాని కర్ర) పట్టుకుని నిలబడడం పెద్దవాళ్లకు కష్టం.

విజిటర్ వీసాకు ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టగలరు. నిర్ణయం మామూలుగా మూడు వారాల్లో వస్తుంది. వేలిముద్రలకు కర్నూలు వాళ్లకు హైదరాబాద్, కడప వాళ్లకు చెన్నై లేదా బెంగళూరు, అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. పడవ అక్కడున్న పిల్లల పేరు మీద బుక్ చేయించి, వీసా రాకపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి. చెప్పిన అద్దెలో డీజిల్, డ్యామేజ్ వెయివర్ (పడవకు నష్టం జరిగితే మీ మీద పడే భారం తగ్గించే రుసుము), కారు పార్కింగ్ కలిశాయో లేదో చూడాలి. చాలాచోట్ల కలవవు.

పడవ ఎంచుకోవడం

‘4+2’ అంటే నాలుగు స్థిరమైన పడకలు, భోజనాల బల్ల మడిచి వేసుకునేవి ఇంకో రెండు. ఆ రెండింట్లో పడుకునేవాళ్లు అందరికంటే ఆలస్యంగా పడుకుని ముందుగా లేవాలి. నలుగురికి ఆరు పడకల పడవ, ఆరుగురికి ఎనిమిది పడకలది తీసుకుంటే ఇబ్బంది ఉండదు. పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే, లోపల నడవ రెండడుగులు. లోపలికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు మంచం మెట్ల దగ్గరే ఉండేలా చూడండి. వెనకవైపు సెమీ ట్రాడ్ రకం తీసుకోండి. పక్క గోడలు ఉంటాయి కాబట్టి పిల్లలు నడిపేవాళ్ల దగ్గరే కూర్చోవచ్చు.

విమానంలో తెచ్చిన గట్టి సూట్‌కేసులు పడవలో పెట్టడానికి చోటే ఉండదు. ఇంట్లోనే వదిలేసి గుడ్డ సంచుల్లో సర్దుకోండి. చీర, చున్నీ లాకుల దగ్గర ప్రమాదం. లాకు తిప్పే పళ్లచక్రాల్లో కొంగు చిక్కితే మనిషిని లాగేస్తుంది. లాకు తిప్పేవాళ్లు ప్యాంటు, జారని బూట్లు వేసుకోవాలి. ఈత రాని ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి.

వంట, నీళ్లు, మరుగుదొడ్డి

పొయ్యి గ్యాసుది కాబట్టి మన కుక్కర్, పెనం అన్నీ పనికొస్తాయి. మిక్సీ, గ్రైండర్ పెట్టుకోవద్దు. పడవలో కరెంటు బ్యాటరీలది, మిక్సీ ఒక్కసారిగా లాగే కరెంటుకు ఇన్వర్టర్ ఆగిపోతుంది. నూరాల్సినవన్నీ ముందే పొడులు చేసుకోండి: పప్పులపొడి, చెనిక్కాయపొడి, ఎర్రకారం. ఇక ఉగ్గాని ఈ పడవ కోసమే పుట్టినట్టుంటుంది. బొరుగులు తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తిరగమాతలో వేసి పప్పులపొడి చల్లితే పావుగంటలో ఆరుగురికి టిఫిన్. అక్కడి గుజరాతీ అంగళ్లలో బొరుగులు ‘మమ్రా’ పేరుతో దొరుకుతాయి. బజ్జీలు మాత్రం పడవ కట్టేశాకే. లాకులో గోడకు తగిలితే కాగే నూనె ఒంటిమీద పడుతుంది. మిరపకాయల ఘాటు ఆ ఇరుకులో నిమిషంలో చివరిదాకా పాకుతుంది, కిటికీలు, ముందు తలుపు తీసి తిరగమాత పెట్టండి.

ఆరుగురికి నాలుగు రోజులకు బియ్యం 3 కిలోలు, కందిపప్పు కిలో, జొన్నపిండి కిలోన్నర, రాగిపిండి కిలో, బొరుగులు కిలో, నూనె లీటరు సరిపోతాయి. కూరగాయలు దారిలో ఊళ్లలో కొనుక్కోవచ్చు. మన దేశం నుంచి నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకూడదు. పాలతో, మాంసంతో చేసినవి వాళ్లు అనుమతించరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, అక్కడే కొనండి.

వేడినీళ్లు ఇంజిన్ నడిచినప్పుడు కాగుతాయి. తెల్లారి స్నానం మన అలవాటు, పొద్దునకు ఆ నీళ్లు చల్లబడిపోతాయి. సాయంత్రం కట్టేసిన వెంటనే ఒకరి తర్వాత ఒకరు చేయండి. ఆరుగురుంటే ట్యాంకు రోజూ నింపాల్సిందే, కుళాయి దగ్గర అరగంట నుంచి గంట పడుతుంది. ఆ టైమూ రోజు లెక్కలో కలపండి.

మరుగుదొడ్డి గురించి మొహమాటపడకుండా బుకింగ్ రోజే అడగాలి. పంప్ అవుట్ అంటే పడవ కింద పెద్ద ట్యాంకు, తిరిగిచ్చాక వాళ్లే ఖాళీ చేస్తారు. క్యాసెట్ అంటే 20 లీటర్ల డబ్బా, రెండు రోజులకోసారి మీరే మోసుకెళ్లి పారబోయాలి. మనవాళ్లు పంప్ అవుట్ ఉన్నదే తీసుకోవాలి. అందులో కూడా చెంబులతో నీళ్లు పోస్తే ట్యాంకు ముందే నిండుతుంది. సన్న ముక్కున్న అర లీటరు ప్లాస్టిక్ సీసా మనిషికొకటి పెట్టుకుంటే సరిపోతుంది.

లాకు దాటడం

కేసీ కెనాల్ తవ్విన 1860లలో అది పొలాలకే కాదు, పడవలకూ అని అనుకున్నారు. అందుకే దానికీ లాకులు కట్టారు. సూత్రం అదే: రెండు తలుపుల మధ్య తొట్టె, నీరు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. మన లస్కర్ల లాంటివాళ్లు అక్కడ కొన్ని పెద్ద లాకుల దగ్గరే ఉంటారు. మిగతాచోట్ల తిప్పేది మీరే.

దిగేటప్పుడు తొట్టె నిండుగా ఉండాలి. లేకపోతే కింది తలుపులు, షట్టర్లు (నీటిని వదిలే పలకలు) మూసి ఉన్నాయని చూసి పై షట్టర్లెత్తి నింపండి. రెండు పక్కలా నీరు సమమయ్యేదాకా నలుగురు తోసినా తలుపు కదలదు, సమమయ్యాక నడుము ఆనిస్తే చాలు. పడవ లోపలికి వచ్చాక పై తలుపు, షట్టర్లు మూయండి. ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది: పై తలుపు కింద నీటిలో రాతి అరుగు ఉంటుంది, దాని అంచు ఎక్కడో గోడ మీద తెల్ల గీత చెబుతుంది. పడవ వెనకభాగం ఆ గీతకు ముందుండాలి. నీరు తగ్గేకొద్దీ వెనకభాగం ఆ అరుగు మీద కూర్చుందంటే ముక్కు కిందికి వాలి పడవ నిమిషాల్లో మునుగుతుంది. అద్దె పడవలు మునిగేది చాలావరకు ఇలాగే. కింది షట్టర్లు సగం ఎత్తి, పడవ కదలిక చూసి, ఆ తర్వాతే పూర్తిగా ఎత్తండి. తాళ్లు కట్టేయకూడదు, గుంజకు ఒక చుట్టు వేసి చేత్తో వదులుతూ ఉండాలి. కట్టేస్తే పడవ గోడకు వేలాడుతుంది.

ఎక్కేటప్పుడు పై షట్టర్లు మెల్లగా ఎత్తాలి, గట్టు పక్కవి ముందు, తలుపులోవి తర్వాత. నీరు ఒక్కసారిగా వస్తే పడవ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ముక్కు తలుపు దూలం కింద ఇరుక్కుందేమో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఏ అనుమానం వచ్చినా మొదటి పని తెరిచిన షట్టర్లు దించేయడం. షట్టరు తిప్పే ఇనుప పిడి పేరు విండ్లాస్. తిప్పాక దాన్ని ఇరుసు మీదే వదిలేస్తే, కొక్కెం జారినప్పుడు అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. వాడగానే తీసేయండి. పిల్లలకు పిడి ఇవ్వొద్దు, తలుపు తోసే పని ఇవ్వండి.

నడిపేటప్పుడు

టిల్లర్ ఎడమకు నెడితే ముక్కు కుడికి తిరుగుతుంది. ఇంజిన్ న్యూట్రల్‌లో ఉంటే పడవ మాట వినదు. ఎదురు పడవ వస్తే కుడివైపు తప్పుకోవాలి. పడవ బరువు 15 టన్నుల దాకా ఉంటుంది, గోడకు తగలబోతుంటే కాలో చెయ్యో అడ్డం పెట్టొద్దు. తగలనివ్వండి, ఇనుముకు ఏమీ కాదు.

బురదలో ఇరుక్కుంటే ముందుకు తోలకండి, ఇంకా ఎక్కుతుంది. మనుషుల్ని ఇరుక్కోని పక్కకు జరిపి, మెల్లగా రివర్స్ వేయండి, గడకర్రతో నేలను నెట్టండి. పడవ వణుకుతూ, పొగ పెరిగి, వేగం తగ్గిందంటే ప్రొపెల్లర్‌కు గోనెసంచో తాడో చుట్టుకున్నట్టు. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే ప్రొపెల్లర్ పైనుండే వీడ్ హ్యాచ్ అనే రంధ్రం మూత విప్పి తీయాలి. ఆ మూత మళ్లీ గట్టిగా బిగించకుండా ఇంజిన్ వేస్తే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. ప్రొపెల్లర్ ఇరుసు దగ్గరి గ్రీజు పిడి రోజూ సాయంత్రం గట్టిపడేదాకా తిప్పండి. సాయం కోసం ఫోన్ చేస్తే దగ్గరి వంతెన నంబరు చెప్పాలి, ప్రతి వంతెన మీదా పలక ఉంటుంది. దాటిన నంబరు ఒకరు గుర్తుపెట్టుకుంటూ ఉండడం మంచిది.

చీకటి పడేలోపు నడక దారి వైపు కట్టేయండి. లాకు ముందు, కుళాయి దగ్గర, మలుపులో, విండింగ్ హోల్‌లో కట్టకూడదు. చివరి రాత్రి పడవ తీసుకున్న చోటికి గంట దూరంలోపే ఆగండి. తిరిగివ్వాల్సింది మామూలుగా పొద్దున తొమ్మిదికల్లా. అరగంట ఆలస్యమైనా పడవ శుభ్రం చేసేవాళ్లకు, తర్వాత ఎక్కే కుటుంబానికి ఇబ్బంది. మిగిలిన జొన్నపిండితో రొట్టెలు ముందు రాత్రే చేసి పెట్టుకుంటే, దిగాక కారులో తినొచ్చు.